ఊసరవెల్లి దాహము

పెంపుడు జంతువును ప్రేమించుట వేఱు. దాని స్వభావము నెఱిగి పోషించుట వేఱు. కుక్కకు దాహమైనచో గిన్నెయొద్దకు పరుగెత్తును. పిల్లి యజమానురాలి కాళ్ళ చుట్టును తిరిగి కూయును. ఆవు కుడితితొట్టివైపు మెడ చాచి అంబా యని యఱచును. వీని యక్కఱ తెలిసికొనుటకు మనము శాస్త్రమేమియు చదువనవసరము లేదు. కాని నీరు నిండిన గిన్నె ప్రక్కనే యుండగా దాహముచే కృశించి మరణింపగల జంతువొకటి కలదు. అదియే ఊసరవెల్లి. దానికి నీరిచ్చు విధమును తెలిసికొనుట స్వల్పవిషయమువలె తోచును గాని, అందొక జీవియొక్క చావుబ్రతుకులును, మనకొక పాఠమును ఇమిడియున్నవి.

ఊసరవెల్లి యనగా నేది?

"తొండ ముదిరి ఊసరవెల్లి యైనట్లు" అను సామెత మనలో వాడుకయందున్నది. సామెత రసవంతమే గాని, తొండ యెంత ముదిరినను ఊసరవెల్లి కానేరదు. రెండును వేఱువేఱు కుటుంబములకు చెందినవి. తొండకు వ్రేళ్ళు విడివిడిగా నుండును. ఊసరవెల్లికి వ్రేళ్ళు రెండు గుంపులుగా కలిసిపోయి పట్టుకాఱువలె కొమ్మను పట్టుకొనును. దాని తోక చుట్టచుట్టుకొని ఐదవ చేయివలె ఉపయోగపడును. కన్నులు రెండును రెండు దిక్కులకు వేఱువేఱుగా తిరుగును. నాలుక బాణమువలె వెడలి పురుగును పట్టి లోనికి తెచ్చును.

ప్రపంచమున 200కు పైగా ఊసరవెల్లి జాతులు కలవు. వానిలో సుమారు సగము మడగాస్కరు ద్వీపమందే యున్నవి. మన భారతదేశమున నున్నది ఒక్క జాతియే. 1768వ సంవత్సరమున లౌరెంటి యను ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. శాస్త్రములో దాని పేరు కమేలియో జైలానికస్. ఈ మన జాతిని పట్టుటయు, పెంచుటయు, అమ్ముటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషేధింపబడినవి. కావున ఈ వ్యాసమున పెంపుడు ఊసరవెల్లి యన్నపుడు, ముఖ్యముగా ఐరోపా, అమెరికా దేశములలో గూళ్ళలోనే పుట్టి, ఇండ్లలో పోషింపబడు విదేశపు జాతులని చదువరులు గ్రహింపవలెను.

వానిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది యెమెను దేశమునను, సౌదీ అరేబియా నైరృతి భాగమునను నివసించునది. దాని తలపై కిరీటమువంటి ఎత్తైన మూపు కలదు. రెండవది మడగాస్కరు ఉత్తర, తూర్పు తీరములలోని తేమగల ప్రదేశములందుండు రంగురంగుల జాతి. మూడవది కెన్యా, టాంజానియా దేశముల చల్లని పర్వతప్రాంతములందుండు జాక్సను ఊసరవెల్లి. దాని మగవానికి ముఖముపై మూడు కొమ్ములుండును. ఈ మూడింటి జన్మస్థానములును వేఱైనను, నీరు త్రాగు విధము మాత్రము ఒక్కటియే.

గాలి భోంచేయు జంతువా?

పూర్వకాలమున ఐరోపావారు ఊసరవెల్లి తినదు, త్రాగదు, గాలి నాహరించియే బ్రతుకునని నమ్మియుండిరి. వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు క్రీ. శ. 79లో మరణించిన రోమను పండితుడు ప్లీనీ తన ప్రకృతిచరిత్రమున నట్లే వ్రాసెను. షేక్స్పియరు మహాకవి సైతము హామ్లెట్టు నాటకమున నీ నమ్మకమును ప్రస్తావించెను. పండితులకు సైతము ఇట్టి భ్రమ కలుగుటకు కారణమేమి? ఊసరవెల్లి చెఱువుగట్టునకు వచ్చి నీరు త్రాగుట నెవరును చూచి యుండరు. దానియెదుట పాత్ర నుంచినను అది మూతి పెట్టదు. చూచినవారు "ఇది నీరు త్రాగు జంతువు కాదు" అని నిశ్చయించిరి. వారు చూచినది నిజమే. ఊహించినది మాత్రము తప్పు.

ఊసరవెల్లి చెట్టుపై పెరిగి, చెట్టుపై నిద్రించును. గ్రుడ్లు పెట్టుటకో, చెట్టునుండి చెట్టునకు పోవుటకో తప్ప నేల దిగుట యరుదు. దాని లోకమున నీరనగా గుంటలో నిలిచియున్నది కాదు. వేకువజామున ఆకుకొనపై మెఱయు మంచుబిందువు, వానవెలిసిన పిమ్మట కొమ్మవెంట జాఱు చుక్క. మెఱపును, కదలికయు గల చుక్కను చూచినపుడే దాని కన్ను దానిని నీరని గుర్తించును. గిన్నెలో కదలక యున్న నీరు దానికి కనబడినను అర్థము కాదు. కొన్ని ఊసరవెల్లులు గిన్నెకు క్రమముగా అలవాటు పడవచ్చును. కాని ఆ యలవాటును నమ్మి దాని ప్రాణమును గిన్నెకు అప్పగింపరాదు.

అది త్రాగుటయు మిక్కిలి నెమ్మదిగానే. పురుగును పట్టునపుడు బాణమువలె విసరు నాలుకను నీటికొఱకు విసరదు. మూతిని ఆకునకు చేర్చి, నాలుకకొనతో చుక్కను తాకి, దవడలను నమలుచున్నట్లు కదలించుచు, తల కొంచెము పైకెత్తి మ్రింగును. తుంపర మొదలైన వెంటనే త్రాగదు. ముందు కన్నులు త్రిప్పి, నిశ్చలముగా కూర్చుండి, భయము తీఱిన కొన్ని నిమిషములకు గాని మూతి కదల్పదు. పది లెక్కించునంతలో నీరు చల్లి గూటి తలుపు మూసివేయు యజమాని, తాను నీరిచ్చితినని తృప్తిపడును. ఊసరవెల్లి మాత్రము దాహముతోనే మిగిలిపోవును.

దేహమున నీటి పొదుపు

సరీసృపములలో పెక్కు మనవలె ద్రవరూపమున మూత్రమును ధారాళముగా విసర్జింపవు. దేహములోని మలినమును యూరికామ్లముగా మార్చి, సుద్దవంటి ముద్దగా బయటికి పంపును. ఇందువలన నీరు మిక్కిలి పొదుపగును. కోడిరెట్టలోని తెల్లని భాగము కూడ ఇట్టిదే. మీ పెరటిలోనే దీనిని చూడవచ్చును. ఊసరవెల్లి దేహమున నీరు చాలినంత యున్నపుడు ఈ ముద్ద తెల్లగా, మెత్తగా నుండును. నీరు తక్కువైన కొలదిని పసుపువన్నెకు, పిదప నారింజవన్నెకు తిరిగి గట్టిపడును. కావున గూటి అడుగును ప్రతిదినము చూచు యజమానికి వేఱు యంత్రమక్కఱలేదు. అయితే ఒక్కనాటి పసుపును చూచి భయపడక, వరుసగా కొన్ని దినములు పరిశీలింపవలెను.

నీరు చాలనిచో యూరికామ్లము మూత్రపిండములందును, కీళ్ళయందును పేరుకొనును. ఆడుదానికి గ్రుడ్లు పెట్టుట కష్టమగును. కుబుసము సరిగా ఊడదు. ఈ హాని ఒక్కనాట కలుగునది కాదు; నెలల తరబడి కొంచెము కొంచెముగా కూడుకొని, పైకి తెలియునప్పటికి చేయిదాటిపోవును. గూళ్ళలో పెరుగు ఊసరవెల్లులు మూత్రపిండవ్యాధిచే మరణించుట తఱుచు. వాని యజమానులలో క్రూరులు లేరు, ఎఱుగనివారే యెక్కువ.

నీరిచ్చు పద్ధతులు

మొదటిది తుంపర. గూడు నలువైపుల గాలియాడు తీగవలతో చేసినదై, లోపల సజీవమైన మొక్కలు గలదై యుండవలెను. మందారమును, మఱ్ఱి రావి చెట్ల కుటుంబమునకు చెందిన సన్నని ఆకుల మొక్కయగు ఫైకస్ బెంజమినాను తఱుచుగ నుంచుదురు. పురుగుమందు తగిలిన మొక్కను బాగుగ కడిగి, కొన్ని వారములు వేఱుగ నుంచిన పిమ్మటనే లోపల పెట్టవలెను. ఉదయమున దీపములు వెలుగుటకు ముందును, రాత్రి ఆఱిన పిమ్మటను, సన్నని తుంపరను కొన్ని నిమిషములసేపు ఆకులపై పడునట్లు చేయవలెను. తుంపర ముఖముపై కొట్టరాదు. ఆకు తడిసి, చుక్కలు కూడి, కొనకు చేరి వ్రేలాడవలెను. పగటివేళ ఆకులు మరల పూర్తిగ ఆఱిపోవలెను.

రెండవది బొట్టుపాత్ర. ఆసుపత్రులలో రోగికి సెలైను ఎక్కించు సీసాను మీరు చూచియే యుందురు. అట్టి గొట్టమునే కొందఱు గూటిపై నమర్తురు. అది లేనివారు పాత్ర యడుగున సూదిబెజ్జము చేసినను చాలును. చుక్క మొదట పై ఆకుమీద పడి, ఆకునుండి ఆకునకు జాఱుచు దిగవలెను. ఇందులో కొంచెము లెక్క చూడుడు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రెండు సెకనుల కొక చుక్క పడినచో నిమిషమునకు 30 చుక్కలు, అనగా ఒకటిన్నర మిల్లీలీటరు. గంటకు 90 మిల్లీలీటరులు. అరలీటరు పాత్ర ఐదున్నర గంటలు వచ్చును. ఇందులో ఊసరవెల్లి త్రాగునది కొంచెమే. తక్కినది క్రింది పళ్ళెములో పడును గనుక దానిని ప్రతిదినము పారబోయవలెను. లేనిచో గూడు మురుగుగుంటగ మాఱును.

మూడవది రాత్రితేమ. ఎండకాయు కొండసీమలలో సైతము రాత్రి చల్లబడి, పొగమంచు క్రమ్మి, వేకువకు ఆకులు తడియుట కలదు. ఊసరవెల్లి రాత్రియంతయు ఆ తేమగాలినే పీల్చును. అందుచే ఇటీవలి పోషకులు యెమెను జాతికి పగలు గాలిలో తేమ నూటికి 30 నుండి 50 వంతులును, రాత్రి 80 వంతులకు పైగాను ఉండునట్లు చూచుచున్నారు. మడగాస్కరు తీరపు జాతికి పగలును ఇంతకంటె కొంత యెక్కువ కావలెను. అయితే ఇందొక నియమము మఱవరాదు. రాత్రి తేమకు తోడుగా చల్లదనమును, గాలియాటయు నుండవలెను. వేడిగనుండి, గాలి నిలిచి, తేమ యెక్కువైనచో ఊపిరితిత్తులకు వ్యాధి పుట్టును.

నాలుగవది ఆహారము. కీచురాళ్ళు, మిడతలు మొదలగు పురుగులను ఊసరవెల్లికి వేయుదురు. పురుగు దేహమున బరువులో అధికభాగము నీరే. కాని ఎండిన పొట్టు తిని నకనకలాడు పురుగు తానే దాహముతో నున్నది. అది యితరుల దాహమును తీర్చలేదు. కావున పురుగులకు ముందుగ పచ్చని ఆకులును, క్యారెట్టును, నారింజ ముక్కలును తినిపించి, అటుపిమ్మట ఊసరవెల్లికి వేయవలెను. యెమెను జాతి పెద్దదైన తరువాత ఆకులను సైతము కొఱికి తినును. అది మొక్కను పాడుచేయుచున్నదని అదలింపరాదు.

ఐదవది వేడిమి యదుపు. ఎండకాగు దీపముక్రింద యెమెను జాతికి సుమారు 30 సెంటిగ్రేడు డిగ్రీలు చాలును. దీపము మిక్కిలి దగ్గరగ నున్నచో, ఎంత నీరు చల్లినను దేహమునుండి తేమ ఆవిరియై పోవుచునే యుండును. ఒక ప్రక్క ఎండవంటి తావును, మఱొక ప్రక్క ఆకుల చాటున నీడయు నున్నపుడు, తనకు కావలసిన దానిని ఊసరవెల్లియే యెంచుకొనును.

చేయరాని పనులు

దాహముగ నున్నదని జాలిపడి నోరు తెఱచి సిరంజితో నీరు పోయరాదు. శ్వాసనాళపు ద్వారము నోటిలోనే యుండుటచే నీరు ఊపిరితిత్తులలోనికి పోయి, మేలు చేయబూనిన చేయియే ప్రాణము తీయును. నీటితొట్టిలో ముంచి నానబెట్టరాదు. చెట్టుపై బ్రతుకు జంతువునకు అది భయహేతువే గాని సుఖము కాదు. దినమంతయు గూడు తడిగ నుంచరాదు; చర్మమునకును, పాదములకును వ్యాధులు సోకును. పిచికారిసీసాలో మిగిలిన నీటిని వారముల తరబడి నిలువయుంచరాదు. నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు పెరిగి, తుంపరతో కూడ జంతువు ముక్కులోనికి పోవును. సీసాను తఱుచుగ కడిగి, ఆఱబెట్టి, క్రొత్తనీరు నింపవలెను.

దాహపు గుఱుతులు

ఊసరవెల్లి కనుగ్రుడ్డు చుట్టును రెప్పలు కలిసిపోయి గోపురమువలె ఉబ్బియుండును. నీరు తగ్గినపుడు ఆ గోపురము లోనికి క్రుంగును. చర్మము ముడుతలు పడి, వదలుగ వ్రేలాడును. తలప్రక్కలు పల్లమగును. నాలుక గుఱిచూచి విసరినను పురుగును అందుకొనలేదు. రంగు వెలవెలపోవును. పగటివేళ కన్నులు మూసికొని యుండుట అన్నిటికంటె చెడ్డ గుఱుతు. ఆరోగ్యముగల ఊసరవెల్లి పగలు నిద్రింపదు. అట్టి స్థితిలో ఇంటివైద్యము చేయుచు కాలము గడపక, సరీసృపముల నెఱిగిన పశువైద్యునియొద్దకు కొనిపోవలెను.

రంగును గూర్చి ఒక మాట. ఊసరవెల్లి ప్రక్కనున్న వస్తువు రంగును అనుకరించునని మనము వినియున్నాము. ఇది సరికాదు. వేడిమి, చలి, భయము, కోపము, జతకోరిక మున్నగువానిని బట్టి దాని రంగు మాఱును. చర్మకణములలోని మిక్కిలి సూక్ష్మమైన స్ఫటికముల నడిమి యెడము మాఱుటచే ఈ వింత జరుగునని 2015లో జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మడగాస్కరు జాతిని పరీక్షించి తెలిపిరి. అనగా దాని రంగు మోసము కాదు. అది దాని భాష. ఆ భాషను చదువనేర్చినవాడే మంచి పోషకుడు.

మన కంచెలలోని ఊసరవెల్లి

ఇక మన దేశపు విషయము. విదేశపు జాతులనైనను మన దేశమున ఉంచుకొనువారు, ఆయా జంతువు అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలో నున్నచో, 2024వ సంవత్సరపు నియమముల ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలెను. కావున బిడ్డ మారాము చేసెనని తలిదండ్రులు అంగడిలో చూపిన జంతువును విచారింపక కొనరాదు. కొనువాని వేడుకకై యెన్ని ప్రాణులు దారిలో నీరులేక చచ్చుచున్నవో కొనువానికి తెలియదు.

మన స్వదేశపు ఊసరవెల్లి మెట్టపొలముల కంచెలయందును, చిట్టడవులయందును నివసించును. దానిని విషజంతువని భావించి రాళ్ళతో కొట్టి చంపువారు కలరు. దానికి విషము లేదు. ఎవరిని వెంటాడి కఱువదు. భయపడినపుడు ఒడలు ఉబ్బించి, నోరు తెఱచి, బుస్సుమనుటయే దాని యాయుధము. అది తినునది మిడతలును, ఈగలును, పురుగులును. అనగా అది రైతునకు జీతము కోరని పాలేరు.

విద్యార్థులారా, మీరు దీనికి చేయదగిన ఉపకారములు కొన్ని కలవు. దానిని పట్టి సీసాలోను, పెట్టెలోను పెట్టకుడు. బాట దాటుచున్నచో ఒక కొమ్మ నందించి, అది పోవుచున్న దిక్కుననే పొదలోనికి చేర్చుడు. గాయపడినదానిని చూచినచో పెద్దలకు చెప్పి అటవీశాఖవారికి తెలియజేయింపుడు. వేసవి దినములలో పెరటిలోని కఱివేప, నిమ్మ, మందార మొక్కల మొదళ్ళకే గాక, సాయంకాలము ఆకులకును కొంచెము నీరు చల్లుడు. ఒక పాతకుండకు సూదిబెజ్జము చేసి కొమ్మకు వ్రేలాడదీసి, క్రింది ఆకుపై చుక్క పడునట్లు చేసి, దూరముగ కూర్చుండి గమనింపుడు. పిట్టలు, తొండలు, తేనెటీగలు వచ్చుట చూడవచ్చును. అదృష్టమున్నచో కొమ్మ కొమ్మగనే నడచివచ్చు ఊసరవెల్లియు కనబడవచ్చును. ఇదియే నేరములేని పెంపకము. గూడు లేదు, జంతువు స్వేచ్ఛకు లోపము లేదు, మీ వేడుకకును లోటు లేదు.

నీరు దగ్గఱ నుండుటయే చాలదు. త్రాగువానికి అది నీరని తెలియు రూపమున అందవలెను. జంతువును పోషించువారికే గాక, బిడ్డలను పెంచు తలిదండ్రులకును, విద్య గఱపు ఉపాధ్యాయులకును ఇది తగిన మాటయే. దయ మంచిది, కాని ఎదుటి ప్రాణి స్వభావము నెఱుగని దయ గిన్నెలోని నీరువంటిది. ఎఱిగి చేసిన దయ ఆకుకొనపై నిలిచిన చుక్కవంటిది. చిన్నదే యైనను, ప్రాణము నిలుపును.